ఢిల్లీ పిల్లికి ఈజిప్టు పేరు



పశువుల దవాఖానాకు పిల్లిని తీసుకుపోతే ముందు చీటీ రాస్తారు. దాని వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాసుకుని జాతి అనే గడి దగ్గరికి వస్తారు. బొచ్చు పిల్లి అయితే పర్షియన్ అని రాస్తారు. మన పెరటి గోడ మీద పుట్టి పెరిగిన చారల పిల్లి అయితే లోకల్ అని రాసి ఊరుకుంటారు. మా నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోనైనా, ఆర్మూరులోనైనా, హైదరాబాద్‌లోనైనా ఇంతే. ఈ పూట ఆ గడి గురించే మీతో మాట్లాడదామనుకుంటున్నాను. దాంట్లో ఏం రాయాలో మనం ఎన్నడూ తేల్చుకోలేదు. ఆలోపు మన దేశపు పిల్లి ఒకటి సముద్రాలు దాటిపోయి, ఇంకో దేశపు జాతి పేరు మీద నమోదై, ఆ జాతికి కొత్త నెత్తురు పోసింది. ఆ కథ చాలామందికి తెలియదు.

పిల్లి జాతులు రెండు తీరులు. ఫలానా మగదాన్ని ఫలానా ఆడదానితో కట్టించి, కోరుకున్న రూపం వచ్చేదాకా తరతరాలుగా ఏరుకుంటూ మనుషులు తయారు చేసినవి కొన్ని. ఒక నేల మీద, ఒక వాతావరణంలో, చుట్టుపక్కల పిల్లులతోనే కలుస్తూ వందల ఏళ్ళకు తమంతట తామే ఒక రూపానికి వచ్చినవి మరికొన్ని. ఈ రెండోవాటినే సహజ జాతులంటారు. నార్వే అడవి పిల్లికి మంచుకు తట్టుకునే రెండు పొరల బొచ్చు, చెవుల్లో కుచ్చులు ఉంటాయి. వాటిని ఏ మనిషీ అక్కడ పెట్టలేదు. అక్కడి చలిలో అట్లాంటివే బతికి పిల్లల్ని పెట్టాయి.

మన పిల్లి ఏ తీరుదో తేలాలంటే, అసలు పిల్లి మన ఇంట్లోకి ఎట్లా వచ్చిందో ముందు చూడాలి. ఆవును పాలకు, ఎద్దును నాగలికి మనిషే తెచ్చి కట్టేశాడు. పిల్లిని ఎవరూ పట్టి తేలేదు. మనిషి పంట పండించి గింజలు దాచుకోవడం మొదలుపెట్టాక, ఆ గింజల కోసం ఎలుకలు చేరాయి. ఎలుకల కోసం పిల్లి వచ్చింది. 2007లో కార్లోస్ డ్రిస్కాల్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 979 పిల్లుల డీఎన్‌ఏ పరీక్షించి ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. పెంపుడు పిల్లులు, అడవివి కలిపి అన్ని. ప్రపంచంలోని పెంపుడు పిల్లులన్నిటి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లో తిరిగే ఇసుక రంగు అడవిపిల్లి అని ఆ పరీక్షలో తేలింది. దాని శాస్త్రీయ నామం ఫెలిస్ లిబికా. అంతకు మూడేళ్ళ ముందు, 2004లో, జాన్ డెనీ వీన్య్ అనే ఫ్రెంచి పరిశోధకుడి బృందం సైప్రస్ ద్వీపంలో 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపెట్టింది. మనిషి ఎముకలకు 40 సెంటీమీటర్ల దూరంలో, దాదాపు ఎనిమిది నెలల పిల్లి ఎముకలు పద్ధతిగా పడుకోబెట్టి ఉన్నాయి. ఆ ద్వీపంలో పిల్లి జాతి ఏదీ సహజంగా లేదు. అంటే దాన్ని ఎవరో పడవలో వెంట తీసుకుపోయారు.

మా వైపు ఈ సంగతి కళ్ళారా చూడొచ్చు. రైస్ మిల్లులో వడ్ల బస్తాల నెట్టు మీద పిల్లి పడుకుంటే హమాలీలు దాన్ని అదిలించరు. వెనకట ఇండ్లల్లో వడ్లు దాచే గుమ్ములుండేవి. గుమ్మి ఉన్న ఇంట్లో పిల్లికి ఒక గిన్నె ఎప్పుడూ ఉండేది. పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో కల్లం కాడ రాత్రిళ్ళు కాపలా పడుకుంటారు. వాళ్ళ సద్దిగిన్నెల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు వస్తాయి. ఆరిన కొమ్ముల మీద నడిచి వచ్చిన పిల్లిని ఎత్తుకుని కాళ్ళు తిప్పి చూడండి. పాదం కింది మెత్తల సందుల్లో పచ్చటి పొడి ఇరుక్కుని ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. మన చెరుకు తోటల్లో, చెరువుల వెంట రెల్లు పొదల్లో పొడుగు కాళ్ళ అడవిపిల్లి తిరుగుతుంది. మన ఇంటి పిల్లి దాని సంతతేనని చాలామంది అనుకుంటారు. కాదు. అది వేరే జంతువు. మన పిల్లి పూర్వీకులు వర్తకుల వెంట, ధాన్యం మూటల వెంట, ఓడల్లో, బిడారుల్లో పడమటి నుంచి వచ్చినవే. వచ్చి చాలా కాలమే అయింది. ఏడో శతాబ్దంలో పల్లవ శిల్పులు మహాబలిపురం పెద్ద బండ మీద ఒక పిల్లిని చెక్కారు. అది వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తుంటే చుట్టూ ఎలుకలు చేరి ఉంటాయి. అంతకు ముందు నుంచే పిల్లి జనానికి బాగా తెలిసిన జంతువు కాకపోతే ఆ శిల్పం ఎవరికి అర్థమవుతుంది? శ్రీకృష్ణదేవరాయలు ఎలుకల బాధకు ఇంటింటికీ పిల్లిని పంచాడని, తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి కాగే పాలు పెట్టాడని మనం చిన్నప్పటి నుంచి చెప్పుకుంటున్న కథ కూడా ఇదే చెబుతుంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్న సామెత పుట్టాలంటే ఉట్టి కింద పిల్లి ఎన్ని తరాలు కూర్చుని ఉండాలి!

ఇన్ని తరాలు ఇక్కడే పిల్లల్ని కని పెంచుకుంటూ వస్తే రూపం స్థిరపడకుండా ఉంటుందా? మీ వాడకట్టు పిల్లిని ఒకసారి నిదానంగా చూడండి. సన్నటి ఒళ్ళు, పొడుగు కాళ్ళు, ఒంటిని అంటుకుని ఉండే పొట్టి బొచ్చు, పెద్ద చెవులు. నిజామాబాద్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు ముట్టినా నీడ చూసుకుని బతికేస్తుంది. రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. మొదట్లో బూడిద రంగు, నడుమ గోధుమ పసుపు, కొసన నలుపు. ఒకే వెంట్రుకలో మూడు రంగులు. అడవిలో ఉన్నప్పుడు ఎండుగడ్డిలో కనబడకుండా దాక్కోవడానికి పనికొచ్చిన రంగు ఇది. కొన్నిటికి ఒంటి మీద గీతలు ఉండవు. ఇసుక చల్లినట్టు ఒళ్ళంతా ఇదే రంగు పరుచుకుని ఉంటుంది. ఇట్లాంటి పిల్లిని మనసులో పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. ఇక నలుపు, తెలుపు, ఎరుపు మూడు మచ్చలూ ఉన్న పిల్లి కనబడితే చూడకుండానే ఆడపిల్లి అనొచ్చు, ఎప్పుడో ఒకటి తప్ప. ఎరుపు రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుందని చాలాకాలంగా అనుకుంటున్నారు. ఆ జన్యువు ఏదో అమెరికా, జపాన్ పరిశోధకులు 2025లో తేల్చి చెప్పారు.

సరే, రూపం ఉంది. మరి పేరు ఎట్లా వస్తుంది? దానికి లండన్ పోవాలి. 1871 జూలై 13న అక్కడి క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన పెట్టాడు. పద్ధతిగా, తీర్పులిచ్చి జరిపిన మొదటి పెద్ద పిల్లుల పోటీ అదే. పోటీ పెట్టాక పిల్లుల్ని తరగతులుగా విడదీయాలి కదా. తరగతి అన్నాక కొలత కావాలి, కొలతలన్నీ కాగితం మీద ఎక్కాలి, ఆ కాగితం దాచడానికి ఒక సంఘం కావాలి. 1887లో ఇంగ్లండ్‌లో, 1906లో అమెరికాలో సంఘాలు పుట్టాయి. గుర్తింపు అంటే ఇదే. తల ఎంత, చెవి ఎంత, కన్ను ఏ రంగు, బొచ్చు ఏ తీరు అని ఎవరో ఒకరు కూర్చుని రాయడం, ఆ రాతకు సరిపోయే పిల్లుల వంశావళిని పుస్తకంలో ఎక్కించడం. పిల్లి ఎంత పాతదైనా సరే, రాసినవాడి పేరుకే చెల్లుబాటు.

ఇట్లా వేరే దేశం పేరు పడ్డ కథలు రెండు చెబుతాను. మొదటిది అబిసీనియన్ కథ. ఆ జాతి పేరు మీరు వినే ఉంటారు. అబిసీనియా అంటే ఇథియోపియా పాత పేరు. 1868లో అక్కడ యుద్ధం ముగించుకుని వచ్చిన బ్రిటిష్ సైనికాధికారి ఇంటివాళ్ళు జూలా అనే పిల్లిని తెచ్చారు. ఆ జాతికి అబిసీనియన్ అన్న పేరు అట్లా వచ్చింది. ఇందాక చెప్పిన ఇసుక చల్లినట్టుండే పిల్లి రూపమే దానిది. అయితే హాలండ్‌లోని లైడెన్ మ్యూజియంలో, ఆ యుద్ధానికి ముప్పై ఏళ్ళ ముందే, 1830లలో కొన్న ఒక పిల్లి బొమ్మ ఉంది. నిజమైన పిల్లి చర్మంతో చేసిన బొమ్మ. అచ్చం అదే బొచ్చు. దాని చీటీ మీద స్వదేశం ఇండియా అని రాసి ఉంది. ఇటీవలి జన్యు పరిశోధనలు కూడా అబిసీనియన్ మూలాల కోసం ఇథియోపియా కొండల కన్నా హిందూ మహాసముద్రపు ఒడ్డు వైపే చూడమంటున్నాయి. మన రేవుల్లో తిరిగిన ఇసుకరంగు పిల్లులు ఓడలెక్కి పోయాయని అనుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం ఏం కావాలి?

రెండోది ఢిల్లీ కథ. ఇదైతే మన కాలంలోనే జరిగింది. కాలిఫోర్నియాలో జీన్ మిల్ అనే ఆవిడ ఉండేవారు. చిరుతపిల్లి పోలికలతో బెంగాల్ అనే కొత్త పెంపుడు జాతిని నిలబెట్టింది ఆవిడే. 1980ల మొదట్లో భర్తతో కలిసి మన దేశం వచ్చినప్పుడు ఢిల్లీ జంతు ప్రదర్శనశాలలో ఖడ్గమృగం ఆవరణలో ఒక పిల్లి ఆవిడ కంటపడింది. దిక్కూ మొక్కూ లేని వీధి పిల్లి. ఎర్రటి ఒంటి మీద ముదురు మచ్చలు, బొచ్చు మీద ఎండ పడితే బంగారు రజను అద్దినట్టు మెరుపు. ఖడ్గమృగం కాళ్ళ మధ్య తిరిగే ఆ పిల్లిని మన ఊళ్ళో ఎవరైనా రెండోసారి చూస్తారా? ఆవిడ చూసింది. దాన్ని అమెరికా తీసుకుపోవడానికి ఏర్పాట్లు చేసింది. మిల్‌వుడ్ టోరీ ఆఫ్ ఢిల్లీ అని పేరు పెట్టింది.

అక్కడ దాన్ని ఏ జాతిగా నమోదు చేశారంటే, ఈజిప్షియన్ మౌగా. ఎందుకట్లా? ఈజిప్షియన్ మౌ కూడా ఒంటి నిండా సహజంగా మచ్చలుండే పిల్లి. 1956లో నటాలీ త్రుబెత్‌స్కోయ్ అనే రష్యన్ రాజకుటుంబపు మహిళ ఇటలీ నుంచి మూడు పిల్లుల్ని అమెరికా తెచ్చింది. ఆ జాతి అక్కడ అట్లా మొదలైంది. పునాది అంత చిన్నది కాబట్టి కొన్ని తరాలకే దగ్గరి చుట్టాలను చుట్టాలకే కట్టే పరిస్థితి వచ్చింది. కొత్త నెత్తురు అవసరమైంది. ఢిల్లీ పిల్లి చూడబోతే అట్లాగే ఉంది, భారత దేశపు పిల్లికి వేరే తరగతి లేదు. అట్లా ఈజిప్టు పేరు కింద చేరింది. టోరీ సంతానం ఈజిప్షియన్ మౌలలో ఇండియన్ లైన్ అనే శాఖగా నిలిచింది. ఇటు బెంగాల్ పిల్లుల్లోకి కూడా పోయింది. బెంగాల్ పిల్లి బొచ్చు మీద ఉండే మెరుపు టోరీ నుంచే వచ్చిందని పెంపకందార్లే చెబుతారు. ఇవాళ హైదరాబాద్‌లో వేలకు వేలు పోసి బెంగాల్ పిల్లిపిల్లను కొనుక్కుని దాని మెరుపు చూసి మురిసేవాళ్ళు ఉన్నారు. ఆ మెరుపు ఢిల్లీ వీధిలో పుట్టింది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు బాధే కలుగుతుంది. జీన్ మిల్ మీద నాకు కోపం లేదు. ఆవిడకు చూసే కన్ను ఉండేది. ఆ కన్ను మనకు లేకపోవడం గురించే నా బాధ.

మన పక్కనే శ్రీలంకలోనూ ఇదే జరిగింది. 1984లో ఇటలీకి చెందిన పావ్‌లో పెల్లెగాట్టా అనే పశువైద్యుడు అక్కడి వీధి పిల్లుల్ని మిలాన్ తీసుకుపోయి పెంచాడు. నుదుటి మీద పాము పడగ లాంటి గుర్తు వాటి ప్రత్యేకత. సిలోన్ పిల్లి అన్న పేరైనా దేశానికి దక్కింది.

నార్వేవాళ్ళు మాత్రం తమ పని తామే చేసుకున్నారు. ఇందాక చెప్పిన నార్వే అడవి పిల్లి రైతుల గడ్డివాముల్లో తిరిగేదే. 1930లలో దాని మీద ఆసక్తి మొదలైంది, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆగిపోయింది. 1975లో అక్కడివాళ్ళు ప్రత్యేకంగా ఒక సంఘం పెట్టారు. దేశమంతా తిరిగి పల్లెల్లో మిగిలిన పిల్లుల్ని లెక్క రాశారు, ఫోటోలు తీశారు. పాన్స్ ట్రూల్స్ అనే మగపిల్లిని నమూనాగా పెట్టుకుని 1977లో ఐరోపా పిల్లుల సమాఖ్య దగ్గరికి పోయి గుర్తింపు తెచ్చుకున్నారు. రెండేళ్ళలో అయిన పని. దాని వెనక ఉన్నది పల్లెల్లో తిరగడం, రాసుకోవడం, అంతే.

మరి మన పిల్లిది నిజంగా వేరే గుంపేనా, లేక నా అభిమానమేనా అని మీరు అడగవచ్చు. అమెరికాలో యూసీ డేవిస్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ లెస్లీ లయన్స్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ప్రపంచమంతటి నుంచి వీధి పిల్లుల బుగ్గ లోపలి తడిని దూదిపుల్లలతో సేకరించి జన్యువులు పోల్చారు. ఆ లెక్కల మీదే అక్కడి ప్రయోగశాల పిల్లుల పూర్వీకులను చెప్పే పరీక్ష పెట్టింది. పశ్చిమ ఐరోపా, ఈజిప్టు, ఇరాన్–ఇరాక్, తూర్పు ఆసియా లాంటి ప్రాంతీయ సమూహాలు అందులో ఉన్నాయి. భారతదేశం వాటిలో ఒక విడి సమూహం. మన దవాఖానా చీటీలో లోకల్ అని ఊరుకున్న చోట అక్కడి కంప్యూటర్ ఇండియా అని చూపిస్తుంది.

ఇప్పుడిప్పుడే మన దేశంలోనూ కదలిక వచ్చింది. ఫెలైన్ క్లబ్ ఆఫ్ ఇండియా అనే సంస్థ మన పిల్లులకు ఇండీమౌ అన్న పేరు పెట్టి, జర్మనీ కేంద్రంగా నడిచే వరల్డ్ క్యాట్ ఫెడరేషన్ గుర్తింపు తెచ్చింది. సంతోషించవలసిన సంగతి. కానీ ప్రభుత్వం తరఫున దేశీ జాతులను నమోదు చేసే సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉంది, జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో. అక్కడి పట్టికలో మన ఒంగోలు ఆవు, దక్కనీ గొర్రె, అసీలు కోడి ఉన్నాయి. నల్లమల అంచున అమ్రాబాద్‌లో లంబాడీ పశుపోషకులు కాపాడుకొచ్చిన పొడ తూర్పు ఆవు కూడా కొన్నేళ్ళ కిందట చేరింది. మందలు ఎక్కడెక్కడ ఉన్నాయో తిరిగి చూసి, కొమ్ము పొడవు, మూపురం ఎత్తు కొలిచి, పెంచేవాళ్ళను అడిగి రాసుకుంటేనే అది సాధ్యమైంది. కుక్కల్లో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ చేరాయి. పిల్లి మాత్రం అందులో లేదు.

నిజామాబాద్‌వాళ్ళకు గుర్తింపు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. పసుపు మన నేలలో తరాలుగా పండుతోంది. అయినా పసుపు బోర్డు కోసం రైతులు ఎన్నేళ్ళు తిరిగారో, 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్‌లో బోర్డు మొదలైనప్పుడు ఎంత సంబరపడ్డారో మనం చూశాం.

అయితే పిల్లి విషయంలో గుర్తింపుతో పాటు ఒక భయం కూడా ఉంది. పేరు రాగానే ధర వస్తుంది. ధర రాగానే పంజరాల్లో పెట్టి పిల్లల్ని పెట్టించే వ్యాపారం వస్తుంది. పర్షియన్‌నే చూడండి. ముఖం చప్పిడిగా ఉంటే ముద్దొస్తుందని తరతరాలుగా అట్లాంటివే ఏరుకుంటూ పోయారు. ఇవాళ ఆ పిల్లులు శ్వాస ఆడక రొప్పుతాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉంటాయి. మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు వాటిలో విపరీతం. కొన్ని దేశాల పరీక్షల్లో మూడో వంతు పైచిలుకు పర్షియన్లలో కనబడింది. అట్లాంటి పిల్లిని తెచ్చి మన ఎండలో రేకుల ఇంట్లో ఉంచడం దాన్ని హింసించడమేనని నా గట్టి అభిప్రాయం. మడత చెవుల స్కాటిష్ ఫోల్డ్ సంగతి ఇంకా ఘోరం. 1961లో స్కాట్లాండ్‌లో ఒక పొలం దగ్గర పుట్టిన ఒక్క పిల్లి నుంచి వచ్చిన వంశం అది. ఆ చెవి మడతపడేది మృదులాస్థి జబ్బు వల్ల. చెవి మడతతో పాటు కీళ్ళు కూడా పట్టేస్తాయి. బ్రిటన్‌లో ప్రధాన సంఘం 1970లలోనే దాని నమోదు ఆపేసింది.

మన పిల్లికి ఆ గతి పట్టకూడదు. ఏ మనిషీ ఏరకుండా, ఎండ, ఆకలి, జబ్బు తట్టుకున్నవే మిగులుతూ వచ్చిన జంతువు అది. దానికి వంశావళి పుస్తకం కన్నా ముందు ఒక సర్వే కావాలి. ఎక్కడ ఏ రంగువి ఎక్కువ, ఏ తీరు బొచ్చువి ఎక్కువ, మూడు మచ్చలవి ఎన్ని, తోక వంకరవి ఎన్ని, ఎంత బరువు తూగుతాయి అన్న మామూలు లెక్క. మా డిచ్‌పల్లిలోనే 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. పక్క జిల్లాలో కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. ఒక విద్యార్థి బృందం ఒక ఎండాకాలం ఈ చుట్టుపక్కల మిల్లులు, గోదాములు, కల్లాలు తిరిగితే చాలు, మన ప్రాంతపు పిల్లి మీద మొదటి పత్రం తయారవుతుంది. జన్యు పరీక్షకు నెత్తురు కూడా అక్కర్లేదు, బుగ్గ లోపల తిప్పిన దూదిపుల్ల సరిపోతుంది.

ఈలోపు మీ ఇంట్లో మీరు చేయగలిగిందీ ఉంది. పిల్లికి టీకాలు వేయించండి, పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి. దవాఖానా చీటీ మీద లోకల్ అని రాస్తే, ఆ పక్కన రంగు, చారలా మచ్చలా, ఏ ఊళ్ళో పుట్టింది అన్నది కూడా రాయమని డాక్టరు గారిని అడగండి. సెల్‌ఫోన్ అందరి చేతుల్లో ఉంది. పక్క నుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, తోక కొస దాకా కనబడేట్టు ఒకటి, మూడు ఫోటోలు తీసి తేదీ వేసి పెట్టుకోండి. ఫోటో పొద్దున్నే తీయండి, మిట్టమధ్యాహ్నం వెలుతురులో అసలు రంగు తెలియదు. పిల్లలకు పాలిచ్చే తల్లిపిల్లి దగ్గరికి మాత్రం ఫోటో కోసం పోకండి. బెదిరితే పిల్లల్ని నోట కరుచుకుని చోటు మారుస్తుంది. అవి కళ్ళు తెరిచి, వాటికి నడక వచ్చేదాకా ఆగండి.